పెద్దల గుండెకు పొట్లాలు, పసిగుండెకు మరచిన చుక్కలు

ఎండకు కొదవలేని ప్రాంతం మనది. ఆరణి ఏట్లో నీళ్ళు లేని నెలలు ఉంటాయేమో గానీ ఎండ లేని నెల అంటూ ఉండదు. అయినా ఈమధ్య మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది చేతిలో ఒక రక్తపరీక్ష కాగితం ఉంటోంది. అందులో విటమిన్ డి అన్నచోట ‘తక్కువ’ అని రాసి ఉంటుంది. ఆ కాగితం ముందు పెట్టి వారు అడిగే ప్రశ్న కూడా దాదాపు ఒకటే. "హకీం గారూ, డి విటమిన్ తగ్గితే గుండెపోటు వస్తుందట కదా? వారానికో పొట్లం పాలల్లో కలిపి తాగుతున్నాను. ఇక గుండెకు భయం లేనట్టేనా?"

పాఠక మిత్రులారా, దీనికి నేను చెప్పే జవాబు కొందరికి రుచించదు. ఆ పొట్లం మీ గుండెపోటును ఆపదు. ఎముకలకు అవసరమైతే, డాక్టరు చెబితే, చెప్పినన్నాళ్ళు వాడండి. గుండెకు కాపలా అనుకుని మాత్రం వాడకండి. అయితే డి విటమిన్‌కూ గుండెకూ అసలు సంబంధమే లేదా అంటే, ఉంది. గట్టి సంబంధమే ఉంది. అది యాభై ఏళ్ళ పెద్దమనిషి గుండెతో కాదు, ఐదారు నెలల పసిబిడ్డ గుండెతో. పెద్దలకు పొట్లాలు కొనే ఇళ్ళలోనే పసివాళ్ళకు వేయవలసిన చుక్కలు మరచిపోతున్నారు. ఈ వారం శీర్షికలో నేను చెప్పదలచుకున్నది ఇదే. అయితే పెద్దల సంగతి తేల్చకుండా పిల్లల దగ్గరికి వెళితే మీరు ఊరుకోరు గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

డి విటమిన్ మనం తినే వస్తువు అనేకన్నా శరీరం తయారుచేసుకునే వస్తువు అనడం సబబు. చర్మంలో కొలెస్టరాల్ జాతికి చెందిన ఒక పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు తగిలితే అది డి విటమిన్‌గా మారుతుంది. ఆ తరువాత కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో ఒకసారి మార్పు చెంది పనికి సిద్ధమవుతుంది. దాని పనుల్లో మొదటిది పేగుల్లోని కాల్షియంను రక్తంలోకి చేర్చడం. మీ రక్తపరీక్షలో కొలిచేది కాలేయంలో తయారయ్యే రూపాన్ని. అది మిల్లీలీటరుకు 20 నానోగ్రాములకన్నా తక్కువగా ఉంటే లోపం అని చాలామంది వైద్యులు లెక్కిస్తారు.

మరి గుండె ఊసు ఎక్కడి నుంచి వచ్చింది? గుండె కండరంలోనూ రక్తనాళాల గోడల్లోనూ డి విటమిన్‌ను అందుకునే ఏర్పాటు ఉందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరి ప్రజల ఆరోగ్యాన్ని 1948 నుంచి తరతరాలుగా గమనిస్తున్నారు. అక్కడివారిలో 1,739 మంది వివరాలతో 2008లో ఒక నివేదిక వచ్చింది. డి విటమిన్ బాగా తక్కువగా ఉన్నవారిలో, ముఖ్యంగా రక్తపోటు కూడా ఉన్నవారిలో, గుండె జబ్బులు రెట్టింపుగా కనిపించాయన్నది దాని సారాంశం. పత్రికలు రాశాయి, టీవీలు చెప్పాయి. పొట్లాలు అమ్మేవారికి అంతకన్నా ఏం కావాలి?

కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. డి విటమిన్ ఎవరిలో తక్కువగా ఉంటుంది? బయట తిరగనివారిలో, ఒళ్ళు బరువెక్కినవారిలో, ముసలితనంలో మంచం పట్టినవారిలో, చాలాకాలంగా జబ్బుతో ఇంట్లో ఉన్నవారిలో. గుండె జబ్బు కూడా వీరికే ఎక్కువగా వస్తుంది. రెండూ ఒకచోట కనిపించాయని ఒకటి రెండోదానికి కారణం అనలేం. కోడి కూసినందువల్ల తెల్లవారదు. కోడి గొంతు పిసికినా సూర్యుడు ఆగడు.

ఇది తేలాలంటే ఒకే దారి ఉంది. వేలమందిని తీసుకుని, చీటీ వేసినట్టు రెండు భాగాలు చేసి, సగం మందికి విటమిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఏళ్ళ తరబడి చూడాలి. ఆ పని చేశారు. అమెరికాలో బోస్టన్ వైద్యులు 25,871 మందితో చేసిన వైటల్ పరీక్ష ఫలితాలు 2018 నవంబరులో వెలువడ్డాయి. రోజుకు 2,000 యూనిట్ల చొప్పున ఐదేళ్ళకు పైగా ఇచ్చారు. విటమిన్ మింగినవారిలో 396 మందికి గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఆపదలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 409 మందికి వచ్చాయి. అన్ని వేలమందిలో 13 మంది తేడా అంటే తేడా లేనట్టే. న్యూజిలాండ్‌లో 5 వేలమందికి పైగా పెద్దలకు నెలకు లక్ష యూనిట్లు ఇచ్చి చూశారు. 2017లో వచ్చిన ఆ ఫలితం కూడా ఇంతే.

ఆస్ట్రేలియా పరీక్ష మనకు మరీ దగ్గరిది. ఎందుకంటే అక్కడ ఇచ్చింది మన మందుల దుకాణాల్లో దొరికే మోతాదే, 60,000 యూనిట్లు. కాకపోతే వారానికి కాదు, నెలకొకసారి. 60 ఏళ్ళు దాటిన 21 వేలమందికి పైగా పాల్గొన్న ఆ పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో నూటికి 6.6 మందికి గుండె, రక్తనాళాల ఆపదలు వస్తే, విటమిన్ వాడినవారిలో 6 మందికి వచ్చాయి. చూడటానికి కొంచెం మేలుగానే కనిపిస్తోంది. కానీ ఆ తేడా కాకతాళీయంగానూ రాగలదని లెక్కలు చూసినవారే అన్నారు. నిజమే అనుకున్నా ఎంత? ఐదేళ్ళ పాటు వెయ్యిమంది వాడితే ఆరుగురికి మేలు. రక్తపోటు మాత్ర మానకుండా వేసుకోవడం, బీడీ మానడం, చక్కెరను అదుపులో పెట్టడం వీటి ముందు అది ఏపాటిది? అమెరికాలోని ఎండోక్రైన్ వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన సలహా ఇంకా సూటిగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు ఊరికే డి విటమిన్ పరీక్ష చేయించుకోనక్కరలేదని, 75 ఏళ్ళలోపువారు రోజువారీ అవసరాన్ని మించి మింగనక్కరలేదని. ఆ రోజువారీ అవసరం మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దలకు 600 యూనిట్లు.

నాకు బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. రక్తపోటు మాత్ర ‘అలవాటైపోతుంది’ అని మానేసి, పొట్లం మాత్రం ‘విటమినే కదా’ అని కొనసాగించేవారు మన చుట్టూ ఉన్నారు. తమిళనాడు ప్రభుత్వం 2021లో మక్కళై తేడి మరుత్తువం పేరుతో బీపీ, షుగరు మాత్రలు ఇంటి గడపకే తెచ్చివ్వడం మొదలుపెట్టింది. గడప దాకా వచ్చిన మందును పెట్టెలో దాచి, డబ్బు పెట్టి అక్కరలేని పొట్లం కొనడం ఏం లెక్కో మీరే చెప్పండి.

‘విటమినే కదా’ అన్న మాట కూడా సరికాదు. సి విటమిన్ ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. డి విటమిన్ కొవ్వులో కరిగేది. ఒంట్లోని కొవ్వులో చేరి నెలల తరబడి ఉంటుంది. డాక్టరు ఎనిమిది వారాలకు రాసిన చీటీతో ఏడాది పొడవునా కొనేవారు ఉన్నారు. దాని మీద 6 లక్షల యూనిట్ల ఇంజెక్షను కూడా వేయించుకునేవారూ ఉన్నారు. అది శ్రుతి మించితే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. వాంతులు, మలబద్ధకం, అతిదాహం, తికమక, మూత్రపిండాలు దెబ్బతినడం, చివరికి గుండె లయ తప్పడం దాకా పోవచ్చు. గుండెకు మంచిదని తాగినది గుండెకే చేటు చేస్తుందన్నమాట. డిగాక్సిన్ వాడే గుండె రోగులకు, థయజైడ్ రకం నీటి మాత్రలు వాడే రక్తపోటు రోగులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇక్కడ మా యునాని వారి వంతు కూడా చెప్పాలి. ఖుష్తా మర్జాన్ అంటే పగడపు భస్మం, ఖుష్తా సదఫ్ అంటే ముత్యపు చిప్ప భస్మం. రెండూ ప్రధానంగా కాల్షియమే. ఒకవైపు హకీం ఇచ్చిన ఖుష్తా, మరోవైపు డాక్టరు రాసిన కాల్షియం బిళ్ళ, మూడోవైపు దుకాణంలో అడిగి తెచ్చుకున్న పొట్లం. ఈ మూడూ ఒకే కడుపులో పడుతున్న సంగతి హకీముకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. దయచేసి ఇద్దరికీ చెప్పండి. చెబితే కోప్పడతారని భయపడకండి, కోప్పడే వైద్యుణ్ణి మార్చండి. అలాగే ఖమీరాలన్నీ చక్కెర లేదా తేనె పాకంతో చేసేవే. మధుమేహం ఉన్నవారు ఖమీరా గావ్‌జబాన్ గుండెకు బలం అని సొంతంగా సీసాలు ఖాళీ చేయడం తగదు. ఏ ఖమీరాలోనూ డి విటమిన్ లోటును పూడ్చే శక్తి లేదు.

కొందరు ‘డి విటమిన్ సంగతి వెయ్యేళ్ళ క్రితమే మా గ్రంథాల్లో ఉంది’ అని రాస్తుంటారు. నేను అలా రాయలేను. ఇబ్నె సీనా (980-1037) గుండె మందుల మీద ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. యునానిలో గుండెను శరీరాన్ని ఏలే ముఖ్య అవయవాల్లో ఒకటిగా చెబుతారు. అయినా ఆ మహానుభావుడికి విటమిన్ అనే వస్తువు తెలియదు, తెలిసే వీలూ లేదు. తెలియని దానిని తెలుసునని అంటగడితే ఆయన గౌరవం పెరగదు. మన విధానంలో ఉన్నది వేరే మాట. మనిషి ఆరోగ్యానికి ఆరు తప్పనిసరి ఆధారాలు ఉన్నాయంటాం. గాలి, అన్నపానాలు, ఒంటి కదలిక-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల. అస్బాబె సిత్తా జరూరియా అని వీటికి పేరు. గాలీ వెలుతురూ లేని ఇంట్లో కదలకుండా కూర్చున్నవారికి ముందు ఇల్లూ నడవడీ మార్చమని చెప్పి, ఆ తరువాతే మందు రాయమని దీని అర్థం. ఎండను వైద్యంగా వాడటం కూడా మనకు కొత్త కాదు. బొల్లికి బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టడం పాత పద్ధతే. హైదరాబాదు ఎర్రగడ్డలోని యునాని పరిశోధన సంస్థ బొల్లి చికిత్సకు పేరుపొందింది. ఇంతవరకు చెప్పుకుంటే చాలు.

సరే, ఇంత ఎండలో మనకు లోపం ఎందుకు? దీనికి జవాబు కోసం దూరదేశాలు వెళ్ళనక్కరలేదు. మనకు ఒక పూట ప్రయాణంలో ఉన్న తిరుపతిలోనే దొరికింది. అక్కడి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్, ఆయన బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో 943 మంది పట్టణవాసులనూ 205 మంది పల్లెవాసులనూ పరీక్షించారు. అందరూ ఆరోగ్యంగా తిరుగుతున్నవారే. పట్టణం మగవారిలో నూటికి 62 మందికి, పల్లె మగవారిలో 44 మందికి డి విటమిన్ లోపం ఉంది. ఆడవారి సంగతి ఇంకా చూడండి. పట్టణంలో 75 మందికి, పల్లెలో 70 మందికి. అంటే పల్లెలో ఉన్నంత మాత్రాన ఆడవారికి పెద్దగా ఒరిగింది లేదు. బురఖా వల్లే ఇదంతా అని తేలిగ్గా తీర్పు చెప్పేవారు ఈ అంకెలు చూడాలి. తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో చీరకట్టుకునే ఆడవారిలోనూ లోపం ఉంది. పని ఇంటి నాలుగు గోడల మధ్య జరిగితే బట్ట ఏదైనా ఒకటే. పైగా మన అందరి మేనిఛాయ ఎండను అడ్డుకునే ఛాయ. తెల్లవారికి చాలినంత సేపు మనకు చాలదు.

అదే బృందం 2007 మే నుంచి 2008 ఆగస్టు దాకా ఇంకొక పని చేసింది. చర్మంలో ఉండే ఆ పదార్థాన్ని గాజు గొట్టాల్లో పోసి తిరుపతి ఎండలో ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా గంట గంటకూ పెట్టి, ఏ వేళకు ఎంత డి విటమిన్ తయారవుతుందో కొలిచింది. ఏడాది పొడవునా ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్యే ఎక్కువ తయారైంది. మన ఆరణి, తిరుత్తణి కూడా ఇంచుమించు అదే అక్షాంశం మీద ఉన్నాయి, అదే సూర్యుడు. కాబట్టి ఉదయం 7 గంటల లేత ఎండలో నడిస్తే డి విటమిన్ వస్తుందన్న మన నమ్మకానికి బలం తక్కువ. లేత ఎండలో నడక గుండెకు నిజంగానే మంచిది. అది నడక మంచి, ఎండ మంచి కాదు. గుర్తు ఒకటి చెబుతాను. మీ నీడ మీకన్నా పొడవుగా ఉంటే ఆ ఎండలో డి విటమిన్ తయారీ అంతంత మాత్రమే. నీడ పొట్టిగా ఉన్నప్పుడే పని జరుగుతుంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే అసలు జరగదు, ఆ కిరణాలు గాజును దాటి రావు.

దీన్ని పట్టుకుని కత్తిరి ఎండల్లో మిట్టమధ్యాహ్నం మిద్దె మీద పడుకునేరు! గుండె రోగులకు, నీటి మాత్రలు వాడేవారికి, ముసలివారికి వడదెబ్బ ప్రాణాంతకం. చైత్ర వైశాఖాల్లో ఆ వేళ నీడపట్టున ఉండండి. మిగతా నెలల్లో 11 గంటల ప్రాంతంలో తలకు గుడ్డ చుట్టుకుని, మోచేతులు, పిక్కలు ఎండకు ఉంచి ఇరవై ముప్పై నిమిషాలు, వారానికి మూడు నాలుగు రోజులు. ఇంటి ఆడవారికి మిద్దె మీద నాలుగు అడుగుల తడిక కడితే ఎవరి కంటా పడకుండా ఈ పని అవుతుంది. ఖర్చు పొట్లాలకన్నా తక్కువ. కానీ డెబ్బై ఏళ్ళు దాటినవారి చర్మం వయసులో ఉన్నప్పటికన్నా సగం కూడా తయారు చేయలేదు. వారికి, బస్సెక్కి చీకటితో గుమ్మిడిపూండి కంపెనీలకు వెళ్ళి చీకటి పడ్డాక దిగేవారికి, పొదటూరుపేట వైపు రోజంతా మగ్గం షెడ్డులో ఉండేవారికి ఎండ మాట కుదరకపోవచ్చు. అప్పుడు డాక్టరు చెప్పిన మోతాదులో మందే దారి. తిండిలో మత్తి చేప, కానాగంత, గుడ్డు పచ్చసొనలో కొంత ఉంటుంది. శాకాహారంలో చెప్పుకోదగినంత లేదు. కాల్షియం కోసం మాత్రం మనకు రాగి ఉంది. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పిండిని రాత్రి పులియబెట్టి కాచిన రాగి కూళు తాగే అలవాటు ఆడి నెలలో జాతరకే పరిమితం కానక్కరలేదు. పులిస్తే కాల్షియంను కట్టిపడేసే ఫైటేటు తగ్గుతుంది.

ఇప్పుడు పసివాళ్ళ దగ్గరికి వద్దాం. బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడే డి విటమిన్ నిల్వ తెచ్చుకుంటుంది. తల్లికే లేకపోతే బిడ్డకు ఏం తెస్తుంది? పుట్టాక తాగే తల్లిపాలకు సాటి వచ్చేది లేదు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ తల్లిపాలల్లో డి విటమిన్ బహు స్వల్పం. లీటరు పాలల్లో 50 యూనిట్లు కూడా ఉండవు. బిడ్డకు రోజుకు కావలసింది 400. ఈ లోటు నెలల తరబడి సాగితే రక్తంలో కాల్షియం పడిపోతుంది. పెద్దల గుండె కండరం లోపల కాల్షియం కొంత దాచుకుని, కొట్టుకోవడానికి వాడుకుంటుంది. పసిగుండెకు ఆ గిడ్డంగి ఇంకా సరిగా ఏర్పడదు. రక్తంలో వచ్చే కాల్షియం మీదే ఆధారపడుతుంది. అది తగ్గితే గుండె సాగిపోయి, ఉబ్బి, రక్తాన్ని నెట్టలేకపోతుంది.

ఇది ఊహ కాదు. ఆగ్నేయ ఇంగ్లండులో ఇలాంటి 16 మంది పసివాళ్ళ వివరాలను వైద్యులు 2008లో ప్రచురించారు. అందరూ భారత ఉపఖండం నుంచో ఆఫ్రికా, కరీబియన్ల నుంచో వెళ్ళిన నల్లని, చామనఛాయ కుటుంబాల బిడ్డలే. వారిలో ఆరుగురికి గుండె ఆగింది. ముగ్గురు దక్కలేదు. మిగిలినవారికి కాల్షియం, డి విటమిన్ ఇచ్చాక గుండె పనితీరు కోలుకుంటూ వచ్చింది. అక్కడ ఎండ లేదు కాబట్టి అనుకుంటారేమో. 2010లో ఢిల్లీ వైద్యులు కూడా మన దేశపు పసివాళ్ళలో ఇదే జబ్బును వివరించారు. గుండె కండరం జబ్బు అనగానే చాలామంది తల్లిదండ్రులు ఆశ వదులుకుంటారు. ఈ రకం మాత్రం సకాలంలో కనిపెడితే మందుకు లొంగుతుంది, అసలు రాకుండా చూడటం అంతకన్నా తేలిక. పెద్దల గుండె విషయంలో పాతికవేల మందితో పరీక్ష చేసినా దొరకని మేలు ఇక్కడ రోజూ వేసే కొద్దిపాటి చుక్కల్లో ఉంది.

గుర్తులు తెలుసుకోండి. పాలు తాగుతూ తాగుతూ బిడ్డ ఆగిపోవడం, నుదుటి మీద చెమట పట్టడం, వేగంగా ఆయాసంగా ఊపిరి తీయడం, బరువు పెరగకపోవడం, కారణం లేకుండా చిరాకుగా ఏడవడం, ఫిట్స్ రావడం. ఫిట్స్ వస్తే దిష్టి తీసి, తాయెత్తు కట్టి, తెల్లవారాక చూద్దాం అనుకోకండి. అప్పటికప్పుడే 108కి ఫోన్ చేసి పిల్లల డాక్టరు ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ రక్తంలో కాల్షియం కూడా చూడమని అడగండి. ఇది యునాని మందుతో ఇంట్లో చూసుకునే జబ్బు కాదు. ఏ హకీం అయినా చూస్తానంటే నమ్మకండి, నేనన్నా సరే.

బిడ్డను ఉదయం ఎండలో చూపించడం మన నాయనమ్మల అలవాటు. ముచ్చటైన అలవాటే, మానమనను. అయితే ఆ లేత ఎండ 400 యూనిట్లు ఇవ్వదు, ఇవ్వగల ఎండలో పసివాణ్ణి పడుకోబెట్టకూడదు. అందుకే భారత పిల్లల వైద్యుల సంఘం పుట్టినప్పటి నుంచి ఏడాది నిండేదాకా ప్రతి బిడ్డకూ రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమని చెబుతోంది. తల్లిపాలు ఎంత బాగా ఉన్నా సరే, బిడ్డ ఎంత బొద్దుగా ఉన్నా సరే. చుక్కలు వేయడం తల్లిపాలకు అవమానం అనుకునే అత్తగార్లు ఉంటే ఈ పేజీ చదివి వినిపించండి.

తల్లి సంగతీ ఉంది. కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం గర్భిణికి 14వ వారం నుంచి కాన్పయిన ఆరు నెలల దాకా రోజుకు రెండు కాల్షియం బిళ్ళలు ఇవ్వాలి. ఒక్కొక్క దానిలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డి విటమిన్ ఉంటాయి. కాన్పు కాగానే ‘ఇక ఎందుకులే’ అని ఈ బిళ్ళలు అటక మీదికి పోతుంటాయి. ఆ ఆరు నెలలే బిడ్డ మీ పాల మీద ఆధారపడే ఆరు నెలలు. కాల్షియం బిళ్ళను భోజనం చేయగానే వేసుకోండి. ఐరన్ బిళ్ళను దానితో కలిపి వేసుకోకండి. కనీసం రెండు గంటలు తేడా ఉంచండి. రెండూ కలిస్తే ఐరన్ ఒంటికి పట్టదు.

చివరిగా సీసా గురించి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసినా ఇళ్ళలో మాట తెలుగుగానే మిగిలింది. మందు సీసా మీద మాత్రం తెలుగు ఉండదు. ఆసుపత్రి చీటీ తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. బిడ్డకు చుక్కలు వేసేది చాలా ఇళ్ళలో ఆ రెండూ చదవలేని అమ్మమ్మ. పిల్లల డి విటమిన్ చుక్కలు ఒకే గాఢతలో రావు. కొన్నిటిలో ఒక మిల్లీలీటరులో 400 యూనిట్లు, కొన్నిటిలో 800 ఉంటాయి. మొదటిదైతే ఒక మిల్లీలీటరు, రెండోదైతే అర మిల్లీలీటరు. సీసా మారితే కొలత మారుతుంది. ఒక కంపెనీ గొట్టంతో ఇంకో కంపెనీ మందు కొలవకండి. పిల్లలకు డి విటమిన్ కొలిచే గొట్టాల వల్ల మోతాదు మించే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో ప్రత్యేకంగా హెచ్చరించవలసి వచ్చింది. ఇంకా ముఖ్యం, పెద్దలు ఒక్క గుక్కలో తాగే 60,000 యూనిట్ల చిన్న సీసా కూడా చూడటానికి పిల్లల మందులాగే ఉంటుంది. అది బిడ్డకు 150 రోజుల మోతాదు. రెండూ ఒకే అరలో పెట్టకండి. కొన్నరోజే దుకాణదారు చేత గొట్టం మీద ఎంతవరకు నింపాలో గుర్తు పెట్టించి, ఆ గీత దగ్గర గోళ్ళరంగు చుక్క ఒకటి పెట్టి అమ్మమ్మకు చూపించండి.